ఇన్‌టచబుల్సా, లా హేనా: రెండో స్నేహితుడికి న్యాయం చేసింది ఏది?

‘ఊపిరి’ నచ్చి దాని మాతృక ‘ఇన్‌టచబుల్స్’ (2011) వెతుక్కుని చూసినవాళ్లు, ఆ పైన ‘లా హేన్’ (1995) దాకా వెళ్లినవాళ్లు తరచూ ఒకటే అడుగుతుంటారు. మగవాళ్ల స్నేహం చుట్టూ తిరిగే ఈ రెండు ఫ్రెంచి సినిమాల్లో వలస కుటుంబాల కుర్రాళ్లని ఏది సరిగ్గా చూపింది? నల్లజాతి నటులు ఎందరున్నారు, ఎంతసేపు కనిపించారు అనే లెక్కతో ఇది తేలదు. స్నేహితుడు పక్కన లేనప్పుడు ఆ మనిషికి తనదంటూ ఒక బతుకు ఉందా? నేను ముందుగా చూసేది అది.

‘ఇన్‌టచబుల్స్’కి దక్కాల్సిన మెప్పు దక్కాల్సిందే. మెడ కింద కదలికే లేని ధనికుడు ఫిలిప్ మీద, ఆయన్ని చూసుకునే పనిలో చేరిన ద్రిస్ జాలి చూపడు. ఆయన చేతులు కదలవన్న సంగతే మరిచి ఫోన్ చేతికి అందించబోతాడు. ఫిలిప్‌కి కావలసిందీ ఆ జాలి లేనితనమే. వీల్‌చైర్‌లో ఉన్న మనిషిని ఇంత చనువుగా చూపించి, ఇంత జనాదరణ పొందిన సినిమాలు అరుదు. ఒక్క ఫ్రాన్స్‌లోనే 1.9 కోట్లకు పైగా టికెట్లు తెగాయి. 2012లో ఉత్తమ నటుడిగా ఫ్రెంచి సినిమా అవార్డు సెజార్ అందుకున్న తొలి నల్లజాతి నటుడిగా, ద్రిస్‌గా వేసిన ఒమర్ సీ నిలిచాడు.

నిజజీవితంలో ఫిలిప్ పోజో ది బోర్గోకి తోడుగా ఉన్న అబ్దెల్ సెల్లూ అల్జీరియాలో పుట్టినవాడు. సినిమాలో అతనే సెనెగల్ మూలాలున్న ద్రిస్ అయ్యాడు. ఆ మార్పుతో నాకు పేచీ లేదు. ఆ పాత్రకి అప్పగించిన పనులతోనే ఉంది. ఒపేరాలో చెట్టు వేషగాణ్ణి చూసి పగలబడి నవ్వాలి, పుట్టినరోజు విందులో డాన్స్ చేసి అందర్నీ ఊపేయాలి, పెయింటింగ్ ఖరీదు విని నోరెళ్లబెట్టాలి. పెద్దింటాయన జీవితంలోకి హుషారు తేవడమే అతని ఉద్యోగమైపోయింది. తన అసలు పేరు బకారీ అనీ, బంధువులు తనని సెనెగల్ నుంచి తెచ్చి పెంచుకున్నారనీ చాలా ఆలస్యంగా, నాలుగు ముక్కల్లో చెప్పేస్తాడు. ఆ కుర్రాడి కథ అక్కడ మొదలవ్వాలి కదా! సినిమా అక్కడ ఆగదు.

‘లా హేన్’ పారిస్ శివారులోని ముగ్గురు స్నేహితుల కథ. అందులో ఒకడైన యూబెర్‌ని చూడండి. ఏళ్ల తరబడి కష్టపడి తెచ్చుకున్న జిమ్ అల్లర్లలో తగలబడిపోయింది. వంటింట్లో అమ్మ చేతిలో డబ్బు పెట్టి, ఇక్కణ్ణుంచి ఎలాగైనా వెళ్లిపోవాలంటాడు. దారిలో కొట్టు కనబడితే లెట్యూస్ ఒకటి పట్టుకురా అంటుంది ఆవిడ. ఒక్క మాటతో ఆ ఇల్లు, ఆ తల్లి అలసట, ఆ కుర్రాడి ఇరుకు అన్నీ తెలిసిపోతాయి. పక్కన స్నేహితులు లేరు, నవ్వించాల్సిన పని లేదు. ద్రిస్‌కి ఇలాంటి సీన్ ఒక్కటి పడి ఉంటే బాగుండేది.

ఇంకో సంగతి. ముగ్గురిలో తుపాకీ పట్టుకుని రగిలిపోయేది యూదు కుర్రాడు విన్జ్. నెమ్మదస్తుడు నల్లవాడైన యూబెర్. ప్రేక్షకుడు ముందే వేసుకొచ్చిన అంచనాని దర్శకుడు కసోవిట్జ్ ఇలా తిరగేశాడు. పారిస్‌లో పోలీసులు పట్టుకున్నప్పుడు విన్జ్ తప్పించుకుంటాడు, యూబెర్, మూడోవాడైన అరబ్ కుర్రాడు సయీద్ దొరికిపోతారు. ఠాణాలో వాళ్లని కుర్చీలకు కట్టి హింసిస్తుంటే, కొత్తగా చేరిన పోలీసు ఒకడు కూర్చుని చూస్తుంటాడు. 1993లో పారిస్ ఠాణాలో మకోమే అనే 17 ఏళ్ల కుర్రాడు పోలీసు తుపాకీకి బలైన ఘటనే ఈ సినిమాకి పురికొల్పింది. ముగ్గురూ ప్రాణస్నేహితులే అయినా ముగ్గురికీ రిస్కు ఒకటి కాదని ఉపన్యాసం లేకుండా చెప్పింది. అందుకే నా ఓటు దీనికే.

లోటు లేదనను. సయీద్ ఇంటి లోపలికి కెమెరా వెళ్లదు. ఆడవాళ్లకి చోటు దాదాపు లేదు. ఆ విషయంలో ‘ఇన్‌టచబుల్స్’ కూడా పెద్దగా మెరుగు కాదు, ఫిలిప్ దగ్గర పనిచేసే మగాలీ చాలాసేపు, ద్రిస్ ఎవరి వెంటపడతాడో ఆ అమ్మాయిగానే మిగిలింది.

‘ఊపిరి’ (2016)లో జాతి, వలస ప్రస్తావన పోయి డబ్బు తేడా మాత్రమే మిగిలింది, కాబట్టి ఈ పోటీలోకి రాదు. నడివయసు మగాళ్ల ఈత జట్టు కథ ‘లె గ్రాన్ బాన్’ (2018) సరదాగా చూడొచ్చు.

ఒమర్ సీ కోసమే వెతికేవాళ్లు ‘తిరాయూర్’ (2022) చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ తరఫున పోరాడిన సెనెగల్ సైనికుల కథ, తండ్రీకొడుకులది. అందులో ఆయన ఎక్కువగా ఫులా భాషలో మాట్లాడతాడు. దర్శకుడు మాథ్యూ వాద్‌పియే, ‘ఇన్‌టచబుల్స్’కి కెమెరా పట్టింది ఆయనే.