తుంటి నొప్పికి ముందు ఎక్స్‌రేనా, ఎమ్మారైనా?

మా వరంగల్ వైపు "తుంటి నొస్తున్నది" అనే మాటకు ఒక్కటే అర్థం ఉండదు. రోజంతా వంగి నాట్లు వేసిన ఆమె పిరుదు మీద చెయ్యి పెట్టి ఆ మాట అంటుంది, గంటల తరబడి కూర్చుని బీడీలు చుట్టే ఆమె తొడ పక్కన పొడుచుకువచ్చే ఎముకను చూపి అంటుంది, లారీ నడిపే మనిషి గజ్జలో వేలు పెట్టి అంటాడు. ముగ్గురి జబ్బులూ వేరు కావచ్చు. హన్మకొండకు వెళ్లి ఎక్స్‌రేతో సరిపెట్టుకోవాలా, ఏకంగా ఎమ్మారై తీయించాలా అని చాలామంది అడుగుతారు గాని, నొప్పి ఎక్కడ పుడుతున్నదో తేలకముందు ఆ ప్రశ్నకు జవాబు లేదు.

మా మేనమామకు 42వ ఏట ఎడమ గజ్జలో మొదలైన నొప్పి తొడ ముందు భాగం మీదుగా మోకాలి దాకా దిగేది. ఒక ఆసుపత్రిలో నడుముకు ఎమ్మారై తీసి, డిస్కు ఉబ్బిందని బెల్టు కట్టించి, మాత్రలు రాసి పంపారు. నలభై దాటినవారిలో ఏ నొప్పీ లేకున్నా డిస్కు ఉబ్బు కనబడటం మామూలే కాబట్టి ఆ రిపోర్టు అబద్ధం కాదు, ఆయన నొప్పికి సంబంధించినది మాత్రం కాదు. ఐదు నెలల తరువాత మరో డాక్టరు ఆయనను వెల్లకిలా పడుకోబెట్టి, తొడను పైకి లేపి, మోకాలు మడిచి, పాదాన్ని బయటి వైపు జరపగానే ఆయన కేక వేశారు. అలా జరిపినప్పుడు తుంటి కీలు లోపలికి తిరగాలి. అది తిరగకుండా గజ్జలో పట్టేస్తే లోపం కీలులోనే ఉండే అవకాశం ఎక్కువ. ఆ రోజే తీసిన ఎక్స్‌రేలో తొడ ఎముక తల అప్పటికే కుంగి ఉంది. రక్తం అందక ఎముక తల చచ్చుబడే ఆ జబ్బును డాక్టర్లు ఏవీఎన్ అంటారు.

అందుకే నా దృష్టిలో మొదటి స్థానం డాక్టరు చేతితో చేసే ఆ రెండు నిమిషాల పరీక్షదే. గజ్జలో నొప్పి, బాసిపట్టు వేసుకోలేకపోవడం, గొంతుక్కూర్చోలేకపోవడం కీలును సూచిస్తాయి. నొప్పి పిరుదు నుంచి మోకాలు దాటి పాదం దాకా జారి, తిమ్మిర్లు పుట్టి, మోకాలు మడవకుండా కాలు పైకెత్తినప్పుడు అదే దారిలో లాగితే అనుమానించవలసింది నడుమును. తొడ పక్కన వేలితో నొక్కినచోటే నొప్పి పుట్టి, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతే అది సాధారణంగా పిరుదు కండరాల టెండన్లు (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లు) ఎముకకు అతుక్కునే చోటి బాధ. దానికి మొదట్లో ఏ స్కానింగూ అవసరం లేదు, వ్యాయామంతోనే చాలామందికి తగ్గుతుంది.

కీలు మీదే అనుమానం నిలిచినప్పుడు ముందు ఎక్స్‌రే మేలు. ఖర్చు వందల్లో ఉంటుంది, నిమిషాల్లో అవుతుంది, కీలు అరుగుదల, ఎముక విరగడం, కుంగిన ఎముక తల అందులో తెలుస్తాయి. అయితే నొప్పి ఉన్న పక్కకే కాక రెండు తుంట్లూ ఒకే ఫిల్మ్‌లో రావాలి, మోకాళ్లు మడిచి కప్ప కాళ్లలా పక్కలకు వాల్చి మరొకటి తీయాలి. ఎముక తల కుంగడం మొదలైందని చెప్పే సన్నని గీత మొదటి ఫిల్మ్‌లో దాగి, రెండవదానిలో బయటపడవచ్చు.

ఎక్స్‌రే బాగానే ఉన్నదని తేలాక కూడా గజ్జ నొప్పి వదలకపోతే ఎమ్మారైకి వేల రూపాయలు పెట్టడం వృథా కాదు. అది కూడా నడుముకు కాదు, తుంటికి. ఏవీఎన్ తొలి దశ ఎక్స్‌రేకు అందదు, ఎమ్మారైకి అందుతుంది; తల కుంగకముందే పట్టుకుంటే ఎముకకు రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్‌తో కీలును కాపాడే అవకాశం ఉంటుంది, కుంగిన తరువాత చాలామందికి కీలు మార్పిడే మిగులుతుంది. స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారు, మద్యం అలవాటు ముదిరినవారు, సికిల్ సెల్ జబ్బు (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఉన్నవారు ఈ విషయంలో ఆలస్యం చేయరాదు. ఆదిలాబాద్ వైపు గోండు, కొలాం కుటుంబాలలో సికిల్ సెల్ కనిపిస్తుంది గనుక అక్కడి యువకుడి గజ్జ నొప్పిని బరువు మోయడం వల్ల వచ్చిందని తేల్చేయడం ప్రమాదం. కానిస్టేబుల్ పరీక్ష కోసం స్టేడియంలో ఒక్కసారిగా పరుగు పెంచిన అభ్యర్థికి అడుగు వేసినప్పుడల్లా గజ్జలో పోటు వస్తే, తొడ ఎముక మెడలో ఎక్స్‌రేకు కనబడని సన్నని చీలిక ఉండవచ్చు. ఎమ్మారై అయ్యేదాకా అతడు పరుగు మానాలి, ఆ కాలి మీద బరువు వేయకూడదు.

పొద్దున లేవగానే అరగంటకు పైగా బిగుసుకుపోయి, నడిచిన కొద్దీ తేలికపడే నొప్పి పాతికేళ్ల యువకుడికి ఉంటే అది కీళ్లవాతం కావచ్చు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం తోడైతే క్షయను మరువకూడదు. ఈ రెండింటికీ స్కానింగ్‌తో పాటు రక్త పరీక్షలు కూడా కావాలి.

స్నానాల గదిలో జారిపడిన ముసలామె కాలు పొట్టిగా అయి, పాదం బయటికి తిరిగి ఉంటే నాటు కట్టు కట్టించకుండా, నడిపించకుండా నేరుగా వరంగల్‌లోని ఎంజీఎం సర్కారు ఆసుపత్రికో, ఎముకల డాక్టరున్న దగ్గరి ఆసుపత్రికో తీసుకుపోవాలి. అక్కడ ఎక్స్‌రేనే ముందు తీస్తారు. పసిపిల్లలు జ్వరంతో ఉండి కాలు కింద పెట్టనంటే మాత్రం ఈ పోలికకు చోటు లేదు. కీలులో చీము చేరితే ఎముక చివరలను కప్పే మెత్తటి మృదులాస్థి రోజుల్లోనే తినుకుపోతుంది కాబట్టి, ఎమ్మారై కోసం వరుసలో వేచి ఉండకుండా అదే రోజు రక్త పరీక్ష, తుంటికి అల్ట్రాసౌండ్ చేయించాలి.