ఫీఫీ ఐలాండ్స్: రాత్రి బోటులో పడుకోవాలా, ప్రైవేట్ బోటు మాట్లాడుకోవాలా?

థాయ్‌లాండ్‌లో ఫుకెట్, క్రాబీ ప్లాన్ వేసుకునే మనవాళ్ళు హోటళ్ళు, ఫ్లైట్లు అన్నీ చకచకా బుక్ చేసేసి ఫీఫీ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. గ్రూప్ స్పీడ్‌బోట్ టూర్లో గుంపుతో ఇరుక్కుని కూర్చోవడం వద్దు అనుకుంటే ఇక మిగిలేవి రెండు. ఫుకెట్ నుంచే బోటు మొత్తం మాట్లాడుకుని పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయడం ఒకటి, ఫీఫీలో ఓవర్‌నైట్ బోటెక్కి మాయా బే దగ్గర్లో నీళ్ళ మీదే పడుకోవడం ఇంకోటి. మేము ఫ్యామిలీ, పైగా అత్తయ్యగారు కూడా ఉన్నారు, మా బావమరిది వాళ్ళ ఫ్రెండ్స్ బ్యాచ్ ఏమో పెళ్ళికాని కుర్రాళ్ళు, కాబట్టి ఎవరి రూట్లో వాళ్ళు వెళ్ళాం, తర్వాత కూర్చుని బాగానే కొట్టుకున్నాం ఏది బెటర్ అని.

ముందు ఒక విషయం క్లియర్‌గా ఉండాలి. ఫీఫీ అంటే ఒక ఐలాండ్ కాదు. హోటళ్ళు, తిండి, జనం అంతా ఫీఫీ డాన్ మీద. ఫొటోల్లో చూసి మనం మనసు పారేసుకునే మాయా బే, పీలే లగూన్ రెండూ పక్కనున్న ఫీఫీ లే మీద, అక్కడ హోటల్ లేదు, ఉండడానికి లేదు. ఫీఫీ డాన్‌లోని టోన్‌సాయ్ పియర్ (పడవల రేవు) నుంచి లాంగ్‌టెయిల్ అనే పొడుగాటి చెక్క పడవలో అక్కడికి అరగంట లోపే. అదే ఫుకెట్ నుంచి అయితే స్పీడ్‌బోట్‌కి దాదాపు గంట, పెద్ద ఫెర్రీకి దాదాపు రెండు గంటలు. మొత్తం తేడా అంతా ఇక్కడే ఉంది.

ఫుకెట్ నుంచి ప్రైవేట్ స్పీడ్‌బోట్ గురించి చెప్తా. డబ్బులు గట్టిగానే అవుతాయి, తలా లెక్క కాదు బోటు మొత్తానికి లెక్క, కాబట్టి ఇద్దరే వెళ్తే దండగ, రెండు ఫ్యామిలీలు కలిస్తే పర్లేదు. ఎక్కడ ఎంతసేపు ఆగాలో మన ఇష్టం, పిల్లాడు బాత్రూమ్ అంటే ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు, అదంతా నిజమే. కానీ బోటు ప్రైవేటు గానీ బీచ్ ప్రైవేటు కాదు కదా. హోటల్ పికప్ అయ్యి, పియర్లో లైఫ్ జాకెట్లు వేసుకుని బయల్దేరి అక్కడికి చేరేసరికి ఫుకెట్, క్రాబీల నుంచి వచ్చే అన్ని బోట్లూ మనతోపాటే దిగుతాయి. ఎంత పెట్టినా ఆ టైమ్ మాత్రం కొనలేం. ఇంకోటి, సముద్రం కొంచెం అటూ ఇటూ ఉన్న రోజు స్పీడ్‌బోట్ ముందు భాగంలో కూర్చుంటే ప్రతి అలకీ ఎగిరి పడతాం, నడుం నొప్పి ఉన్నవాళ్ళూ, కడుపుతో ఉన్నవాళ్ళూ అసలు ఎక్కకూడదు, బోటు వాళ్ళే ఎక్కించుకోం అంటారు కూడా. బోటు రేటు అడిగినప్పుడు అత్తయ్యగారిని వెనక ఇంజిన్ దగ్గర కూర్చోబెట్టుకుంటామని కూడా అడిగాం, అక్కడ సౌండ్ ఎక్కువ గానీ కుదుపు తక్కువ.

మాయా బే రూల్స్ తెలియకుండా వెళ్ళి డిజప్పాయింట్ అయ్యేవాళ్ళు చాలామంది. 2000లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా పుణ్యమా అని జనం ఎగబడి పగడపు దిబ్బలు పాడైతే 2018 జూన్‌లో మూసేశారు, మళ్ళీ తెరిచింది 2022 జనవరిలో. ఇప్పుడు బోట్లు బేలోకి రావు, వెనకవైపు లో సామా దగ్గర తేలే పియర్‌కి కట్టేస్తారు, అక్కడ్నుంచి చెక్క దారి మీద నడిచి ఇటువైపు రావాలి. ఈత లేదు! మోకాళ్ళ లోపు నీళ్ళలో నిలబడొచ్చు అంతే, కొంచెం లోపలికి అడుగేస్తే గార్డు విజిల్ కొడతాడు. ఎందుకంటే ఆ ఒడ్డు దగ్గరికి బ్లాక్‌టిప్ షార్క్ పిల్లలు తిరిగొచ్చాయి, ఓపిగ్గా చూస్తే రెక్క చివర నల్ల మచ్చ కనిపిస్తుంది. ఏటా ఆగస్టు, సెప్టెంబర్ పూర్తిగా బంద్. ఫారినర్స్‌కి పార్క్ టికెట్ పెద్దవాళ్ళకి 400 బాత్, పిల్లలకి 200, బోటు రేటులో ఇది కలిపారా లేదా అనేది అడ్వాన్స్ ఇచ్చే ముందే అడగండి, చాలావరకు కలపరు.

ఇక ఓవర్‌నైట్ బోటు. ఇది మా బావమరిది బ్యాచ్ వెళ్ళింది. మధ్యాహ్నం ఫీఫీ డాన్ నుంచి బయల్దేరి, స్నార్కెలింగ్, కయాక్, సన్‌సెట్, బోటులోనే డిన్నర్, చీకటి పడ్డాక ప్లాంక్టన్ (నీళ్ళలో మెరిసే సూక్ష్మజీవులు) చూడడానికి నీళ్ళలోకి దిగడం, డెక్ మీద పరుపులేసుకుని పడుకోవడం, పొద్దున్నే గుంపులు రాకముందే మాయా బే. వినడానికి అదిరిపోతుంది. అందులో ప్లాంక్టన్ మాత్రం నిజంగానే అద్భుతం, నీళ్ళలో చెయ్యి ఆడిస్తే వేళ్ళ చుట్టూ నీలం మెరుపులు వస్తాయంట, వాళ్ళు పదిసార్లు చెప్పారు. కానీ అది చీకట్లోనే కనపడుతుంది, పౌర్ణమి రోజులకి బుక్ చేసుకుంటే పెద్దగా ఏమీ కనపడదు. తేదీ ఎంచుకునే ముందు క్యాలెండర్లో అమావాస్య చూసుకోండి, పెళ్ళి ముహూర్తాలకి భయపడే రోజు ఇక్కడ పనికొస్తుంది.

మిగతాది? పాతికమందికి ఒకటో రెండో టాయిలెట్లు, అర్ధరాత్రి దాకా పాటలు, ఉప్పునీళ్ళ ఒంటితోనే పడక. కుర్రాళ్ళకి అదే మజా, "బావా, లైఫ్‌లో ఒక్కసారైనా చెయ్యాలి" అంటాడు మా బావమరిది. నిద్ర పట్టక తెల్లారేదాకా చుక్కలు లెక్కపెట్టిన వాడి ఫ్రెండ్‌ని అడిగితే ఇంకో మాట చెప్తాడు. పిల్లలతో, పెద్దవాళ్ళతో అయితే నేను వద్దనే అంటాను, హనీమూన్ జంటలకి కూడా వద్దు, అక్కడ ప్రైవసీ అనేదే లేదు.

అందుకని మేము చేసింది ఏంటంటే, ఫుకెట్‌లో రస్సాడా పియర్ నుంచి మామూలు ఫెర్రీ టికెట్ కొనుక్కుని ఫీఫీ డాన్ వెళ్ళి రాత్రి అక్కడే ఉండి, మర్నాడు తెల్లవారుతూనే లాంగ్‌టెయిల్ ఒకటి మాకోసమే మాట్లాడుకోవడం. ఓవర్‌నైట్ బోటు వాళ్ళకి దొరికే పొద్దుటి ప్రశాంతత మాకూ దొరికింది, ప్రైవేట్ బోటు సుఖమూ దొరికింది, పైగా రాత్రి ఏసీ రూములో పడుకున్నాం. ఫుకెట్ నుంచి స్పీడ్‌బోట్‌కి అడిగిన రేటుతో పోలిస్తే ఫెర్రీ, రూము, పడవ అన్నీ కలిపినా తక్కువే అయింది. రూము మాత్రం చూసి తీసుకోండి, టోన్‌సాయ్, లో డాలం వైపు పబ్బుల మోత లేట్‌నైట్ దాకా ఉంటుంది, లాంగ్ బీచ్ వైపు ప్రశాంతం. ఊళ్ళో కార్లు, ఆటోలు ఏమీ లేవు, సామాను తోపుడు బండి మీద తెస్తారు, కాబట్టి పెద్ద సూట్‌కేసులు ఫుకెట్ హోటల్లోనే వదిలేసి రండి.

పడవ ముందు రోజు సాయంత్రమే పియర్ దగ్గర మాట్లాడేసుకోవాలి, ఎన్ని గంటలు, ఎక్కడెక్కడ ఆగాలి, మాయా బే గేటు తెరిచే టైముకి అక్కడ ఉండాలి అని గట్టిగా చెప్పి మరీ. పడవ ముక్కుకి రంగు గుడ్డలు, పూలదండలు కట్టి ఉంటాయి, అది వాళ్ళ పడవ తల్లికి కట్టినవి, ఫొటో కోసం దాని మీద కాలు పెట్టొద్దు, మా పడవాయన ఎక్కగానే ముందు అదే సైగ చేసి చూపించాడు. ఇంజిన్ లారీ ఇంజినంత గోల, మాటలు వినపడవు, తుంపర మీద పడుతుంది, ఫోన్లకి వాటర్‌ప్రూఫ్ కవరు ఉండాల్సిందే. పీలే లగూన్లో ఇంజిన్ ఆపేస్తే ఆ ఆకుపచ్చ నీళ్ళ చుట్టూ నిట్టనిలువు కొండలే, ఇక్కడ ఈత కొట్టొచ్చు, మేము ఎక్కువసేపు ఉన్నది ఇక్కడే. వైకింగ్ కేవ్ లోపలికి పోనివ్వరు, పడవలోంచి చూసి వచ్చేయడమే. మంకీ బీచ్ నా ఉద్దేశంలో ఆగక్కర్లేదు, కోతులు కరుస్తాయి, ట్రిప్పు మధ్యలో ఇంజెక్షన్ల గోల ఎందుకు.

సీజన్ మాత్రం అన్నిటికంటే ముఖ్యం. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది, మన సంక్రాంతి సెలవులు సరిగ్గా సరిపోతాయి, కాకపోతే రష్షు, రేట్లు రెండూ ఎక్కువ. పిల్లలకి వేసవి సెలవులని మే, జూన్‌లో వెళ్తే అక్కడ వర్షాకాలం మొదలైపోతుంది. 2018 జూలైలో ఫుకెట్ దగ్గర టూరిస్టు బోటు గాలివానకి మునిగి 47 మంది పోయారు, కాబట్టి ఆ నెలల్లో ఓవర్‌నైట్ బోటు మాట అసలు తలపెట్టొద్దు, లాంగ్‌టెయిల్ కూడా పడవాయన ఈరోజు వద్దంటే బతిమాలొద్దు.

వెజ్ వాళ్ళు బోటు భోజనం నమ్ముకోవద్దు, ఫ్రైడ్ రైస్‌లో కూడా ఫిష్ సాస్ పడుతుంది. "జే" అని చెప్తే గుడ్డు, చేప ఏవీ లేకుండా చేస్తారు. మేము మాత్రం ఇంటి నుంచి తెచ్చిన పులిహోర పొడి కలుపుకుని పడవలోనే కానిచ్చేశాం, పడవాయనకి కూడా పెట్టాం, కారానికి కళ్ళెంబడి నీళ్ళొచ్చాయి గానీ రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నాడు.