పాయింట్ల ఓటు: చాలాకాలం వాడాక, ఒక సవరణతో

ఏటా స్నేహితులమంతా కలిసి ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోవడానికి మేం వాడే పాయింట్ల పద్ధతి మీద నా కోపమంతా ఒకే ఒక్క విషయానికి. ఎవరూ వెళ్లాలనుకోని చోటు ఒకటి జాబితాలో చేరితే చాలు, గెలవాల్సిన చోటు ఓడిపోతుంది.

ఊరికే చేతులెత్తి లెక్కపెడితే సరిపోదా అనే చర్చలోకి వెళ్లను. తలో ఊళ్లో ఉన్న స్నేహితుల్ని ఒకచోట చేర్చడానికి ప్రయత్నించినవాళ్లకి అది సరిపోదని తెలుసు. మేం వాడుతున్నది బోర్డా లెక్క. 1770లో ఫ్రెంచి గణితవేత్త జాన్ షార్ల్ ద బోర్డా తమ సైన్సు అకాడమీ ముందు పెట్టిన ఆలోచన. చోట్లన్నిటినీ ఇష్టం వరుసలో రాయాలి. చివరిదానికి సున్నా, దాని పైదానికి ఒకటి, అలా పైకి. మొదట్లో దీన్ని అడిగినవాళ్ల దగ్గరా అడగనివాళ్ల దగ్గరా కూడా తెగ పొగిడాను. మన రెండో ఇష్టానికి కూడా విలువ దక్కుతుంది కాబట్టి, ఓడినవాళ్లు కూడా మొహం మాడ్చుకోకుండా వచ్చేవాళ్లు. ఆ మాట ఇప్పటికీ నిజమే, కాకపోతే జాబితాలో పేర్లు ఎవరు చేరుస్తున్నారో కాస్త చూసుకోవాలి.

ఒక ఏడాది అసలు పోటీ రెండు చోట్ల మధ్యే. ఒకటి కొండ ప్రాంతం, ఒకటి బీచ్. ఉన్నది పన్నెండు మందిమి. కొండ కావాలన్నవాళ్లు ఏడుగురు, బీచ్ అన్నవాళ్లు ఐదుగురు. లెక్క తేలిపోయింది అనుకున్నాం. గడువు రేపు అనగా బీచ్ బ్యాచ్‌లో ఒకడు షీట్‌లో ఇంకో బీచ్ పేరు చేర్చాడు. మొదటి బీచ్‌కి దగ్గర్లోదే, కానీ అన్ని విధాలా దానికంటే తీసికట్టు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పేరే కదా, ఉంటే ఉండనీ అన్నారు.

ఓట్లు వచ్చాయి. కొండ వాళ్లు ఏడుగురూ కొండ, మంచి బీచ్, నాసి బీచ్ అని వరుసగా రాశారు. మిగతా ఐదుగురూ మంచి బీచ్, నాసి బీచ్, కొండ అని రాశారు. కూడి చూస్తే కొండకు 14, మంచి బీచ్‌కి 17, నాసి బీచ్‌కి 5. ఒక్క మనసు మారలేదు, ఒక్క ఓటు మారలేదు. ఆ మూడో పేరు లేకపోతే కొండ ఏడు, బీచ్ ఐదు. షీట్‌లో ఫార్ములా తప్పేమోనని చేత్తో కూడాం. సరిగ్గానే ఉంది.

"ఒరేయ్, నువ్వు పెట్టిన బీచ్‌కి నువ్వే వెళ్లవు కదరా?"

"వెళ్లను. అయితే?"

వాడు తెలిసే చేశాడా, యథాలాపంగా చేశాడా అన్నదానిపై మాలో ఇప్పటికీ రెండు వర్గాలున్నాయి. బీచ్‌కే వెళ్లాం. బాగానే గడిచింది, అది వేరే సంగతి.

తర్వాత వేరే పద్ధతులూ చూశాం. 'రాగలిగిన ప్రతిచోటికీ టిక్' అన్నది వినడానికి హాయిగా ఉంటుంది. మా వాళ్లు తమకు నచ్చిన ఒక్కదానికే టిక్ పెట్టి ఊరుకున్నారు, మళ్లీ చేతులెత్తడం దగ్గరికే వచ్చాం. రౌండ్ రౌండ్‌కీ చివరిదాన్ని తీసేసే ఒలింపిక్స్ తరహా ఇంకొకటి. 2000 ఒలింపిక్స్ వేదిక కోసం 1993లో జరిగిన ఓటింగ్‌లో మొదటి మూడు రౌండ్లూ బీజింగే ముందుంది, నాలుగో రౌండ్‌లో సిడ్నీ 45–43తో గెలిచింది. చదవడానికి భలే ఉంటుంది. కానీ అక్కడ ఓటేసే సభ్యులంతా ఒకచోట కూర్చుని ఓటేశారు. మా వాళ్ల చేత ఒక్క రౌండ్ నింపించేసరికే నాకు తల ప్రాణం తోకకొస్తుంది.

చివరికి నిలిచింది చిన్న సవరణ. ఓటు అదే, వరుస అదే. పాయింట్లు కూడే ముందు, ఆ వరుసల్లోంచే ప్రతి రెండు చోట్లనూ ముఖాముఖి పోల్చి చూస్తాం. ఒక చోటు మిగతా అన్నిటినీ ఓడిస్తే అదే ఖాయం. అలాంటిది లేకపోతేనే పాయింట్లు. ఈ కలయికను డంకన్ బ్లాక్ అనే ఆర్థికవేత్త 1958లోనే ప్రతిపాదించాడని తర్వాత తెలిసింది. మా పాత ఓట్లనే దీనిలో వేసి చూస్తే కొండ రెండు బీచ్‌లనూ ఏడు–ఐదుతో ఓడిస్తుంది. నాసి బీచ్ ఉన్నా లేకున్నా తేడా రాదు. మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది మళ్లీ మొదటిదాన్ని ఓడించే తిరకాసు కూడా మాకు ఎదురైంది. అప్పుడు పాయింట్లే తీర్పు చెప్పాయి, ఎవరూ గొణగలేదు.

దీనితో దొంగాట పూర్తిగా పోతుందని మాత్రం చెప్పను. మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ చోట్లు గెలిచే వీలున్నప్పుడు, ఏ ఓటు పద్ధతిలోనైనా, లాటరీ తీస్తేనో ఒకడి మాటే చెల్లితేనో తప్ప, ఇష్టాన్ని తారుమారు చేసి రాస్తే లాభం వచ్చే సందర్భం ఎక్కడో ఒకచోట ఉంటుందని 1973లో అలన్ గిబ్బర్డ్ అనే తత్వవేత్త నిరూపించాడు. అందుకే గడువు అయ్యేదాకా ఓట్లు ఎవరికీ కనపడనివ్వం.

డజను మంది, నాలుగైదు చోట్లు, షీట్ చూసుకునే ఓపిక ఉన్నవాడు ఒకడు. మా పరిస్థితి ఇది కాబట్టి మాకు సరిపోయింది. నలుగురే అయితే ఫోన్ చేసి తేల్చుకోవడం నయం. ఇద్దరు ముగ్గురు బాగా దూరాన ఉండి, మిగతావాళ్లంతా ఒకేవైపు ఉంటే మాత్రం ఈ లెక్కలేవీ వాళ్లను ఆదుకోవు, ప్రతిసారీ వాళ్లే ఓడిపోతారు. మాలో అలాంటివాడు ఒకడున్నాడు. వాడికోసం మూడేళ్లకోసారి ఓటు లేకుండా వాడు చెప్పిన చోటికే వెళ్దామని అనుకుంటున్నాం. దానికి ఓటింగ్ పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.