79 పౌండ్లు పెట్టి 9 నిమిషాలు నడిపా: ఇంగ్లండ్‌లో డ్రిఫ్టింగ్ క్లాసుల మీద నా రివ్యూ

ముందే చెప్తున్నా, నాకు రేసింగూ గీసింగూ ఏమీ రాదు. మిల్టన్ కీన్స్‌లో ఉద్యోగం, వారాంతం కాస్ట్‌కో, ఇంటి ముందు ఒక పాత టొయోటా యారిస్, అంతే నా జీవితం. కానీ రాత్రి పిల్ల పడుకున్నాక ఫోన్లో జపాన్ వాళ్లు కార్లని అడ్డంగా జారించుకుంటూ మలుపులు తిప్పే వీడియోలు చూడటం నాకు ఐదేళ్ల నాటి జబ్బు. అది కనిపెట్టి మా ఆవిడ పోయినేడు పుట్టినరోజుకి డ్రిఫ్టింగ్ వోచర్ కొనిచ్చింది, 79 పౌండ్లు. అది శుద్ధ దండగ. ఆ కసితో ఈ ఏడు నేనే కూర్చుని వెతికి, పది చోట్లకి మెయిళ్లు పెట్టి, ఇంకోచోట హాఫ్ డే లెసన్ బుక్ చేసుకున్నా, 165 పౌండ్లు. అదైతే బ్రహ్మాండం. రెండిటి పేర్లూ రాయట్లేదు. మొదటిదాని పేరు చెప్పి లాభం లేదు, అలాంటివి బోలెడున్నాయి. రెండోదాని పేరు దాచడం మాత్రం పచ్చి స్వార్థం, నాకు మళ్లీ శనివారం స్లాట్ దొరకాలి.

మొదటిది ఎలా జరిగిందంటే, వెబ్‌సైట్లో బీఎండబ్ల్యూ వెనక చక్రాల్లోంచి తెల్లటి పొగ, కింద పెద్ద అక్షరాల్లో 12 ల్యాపులు అని ఉంది. పొద్దున 9:30కల్లా రమ్మన్నారు, వెళ్లాం. చుట్టూ గడ్డి, మధ్యలో పాత విమానాశ్రయం రన్‌వే. యుద్ధం రోజుల్లో కట్టిన రన్‌వేలు ఈ దేశంలో ఇలాగే కార్ల పాలయ్యాయి, సిల్వర్‌స్టోన్ కూడా ఒకప్పుడు ఎయిర్‌ఫోర్స్ స్టేషనే. సరే, అక్కడ మాతో కలిపి 24 మంది, రెండు కార్లు. అందులో ఒకటి 11 గంటలకి బానెట్ ఎత్తుకుని పక్కన నిలబడింది. కౌంటర్ దగ్గర ఇంకో 25 పౌండ్లు కట్టమన్నారు, డ్యామేజ్ వెయివర్ అట. కట్టకపోతే ఏదైనా తగిలినప్పుడు 2,500 పౌండ్ల దాకా మన నెత్తినే. అప్పటికే గంటన్నర డ్రైవ్ చేసి వచ్చినవాడు కట్టకుండా వెనక్కి పోతాడా? కట్టా.

నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం 12:40. మూడేసి నిమిషాలు మూడుసార్లు. ఆ 12 ల్యాపుల్లో మూడు ఇన్‌స్ట్రక్టర్ నడిపి చూపించేవే, నేను పక్క సీట్లో కూర్చోవడమే. మిగతావాటిలోనూ హ్యాండ్‌బ్రేక్ ఆయనే లాగాడు, ఇంకా తిప్పు, ఇంకా తిప్పు అని స్టీరింగ్‌ని పక్కనుంచి ఆయనే పట్టుకున్నాడు, నేను చేసిందల్లా యాక్సిలరేటర్ తొక్కడం. దిగేటప్పుడు ఫొటోలకి 20 పౌండ్లు అన్నారు. తిరనాళ్లలో రంగులరాట్నం ఎక్కించి దింపినట్టే. ఇంటికొచ్చాక మా ఆవిడ "ఏం నేర్చుకున్నారు?" అంటే ఏం చెప్పాలో తెలీలేదు.

నేను అర్థం చేసుకున్నదేంటంటే, ఎక్స్‌పీరియన్స్ అని అమ్మేది వేరు, లెసన్ అని అమ్మేది వేరు. మొదటిది కావాలంటే తప్పేం లేదు, బర్త్‌డే సరదా, ఆఫీసువాళ్లతో ఒక పూట. కానీ నేర్చుకోవాలని ఉంటే మాత్రం కారు బొమ్మ చూసి కొనకండి, నిమిషాలు కొనండి. మెయిల్లో ఒక్కటే అడగండి: స్టీరింగ్ వెనక నేను, నా చేతులతో, మొత్తం ఎన్ని నిమిషాలు? ల్యాపుల లెక్క వద్దు, ఆ ల్యాపు ఎంత పొడవో ఎవడికి తెలుసు. ఒక కారుకి ఎంతమంది అని కూడా అడగండి. సూటిగా జవాబు రాకపోతే వదిలేయండి. నా లెక్క చూడండి, మొదటిచోట 79, వెయివర్ 25, కలిపి 104 పౌండ్లు, 9 నిమిషాలు, నిమిషానికి పదకొండున్నర. రెండోచోట వెయివర్‌తో సహా 165, దాదాపు 55 నిమిషాలు, నిమిషానికి మూడు పౌండ్లు. చీప్‌గా కనిపించిందే నాలుగు రెట్లు ఖరీదు పడింది.

ఇక కారు సంగతి. మనవాళ్లందరూ ముందు అడిగేది ఇదే, ఏ కారు ఇస్తారు, ఎంత పవర్ అని. నేనూ అలాగే అనుకున్నా, పవర్ ఎక్కువుంటే బాగా జారుతుందని. డ్రిఫ్టింగ్‌కి ఇంత పేరు తెచ్చిన టొయోటా ఏఈ86 ఉంది చూశారా, జపాన్ రేసర్ కేయిచి సుచియా కొండ రోడ్ల మీద తిప్పి డ్రిఫ్ట్ కింగ్ అనిపించుకున్న కారు, 1983లో వచ్చింది, దానికున్నది 1.6 లీటర్ల ఇంజిన్, 130 హార్స్‌పవర్. అంతే! బరువు టన్నులోపు, పవర్ వెనక చక్రాలకి, అదీ దాని గొప్ప. ఇక్కడ లెసన్లలో ఎక్కువగా కనిపించే మాజ్దా ఎమ్‌ఎక్స్-5 కూడా అదే కోవ, ఇంచుమించు టన్ను బరువు, 130, 140 హార్స్‌పవర్, వెనక చక్రాలు. కొన్నిచోట్ల నిస్సాన్ 350జెడ్ ఇస్తారు, మూడున్నర లీటర్ల వీ6 ఇంజిన్, వినడానికి చెవులకి పండగే కానీ మొదటిరోజు కాలు కొంచెం బరువుగా పడితే చాలు, ఏం జరిగిందో తెలిసేలోపు మనం వచ్చిన దిక్కుకే మొహం పెట్టి నిలబడతాం. పాత బీఎండబ్ల్యూ త్రీ సిరీస్ కొంచెం నయం, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం ఎక్కువ కాబట్టి తోక, అంటే కారు వెనక భాగం, నిదానంగా ఊగుతుంది, సర్దుకోవడానికి టైమిస్తుంది.

కారు కంటే నేల ముఖ్యం. నీళ్లు చల్లి ఉంచిన స్కిడ్ ప్యాన్, అంటే కార్లని జారించడానికే ఉంచిన నేల, ఉందా లేదా కనుక్కోండి. తడి నేల మీద తక్కువ పవర్, తక్కువ స్పీడు చాలు, 30 కిలోమీటర్ల వేగంలో జరిగే తప్పుకి గుండె ఆగదు, టైర్లు కూడా పెద్దగా అరగవు కాబట్టి వాళ్లూ ఎక్కువసేపు నడపనిస్తారు. తడి నేల అంటే పిల్లలాట అనుకునేవాళ్లకి ఒక మాట. 2020లో పోర్షే టైకాన్ జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో 42.171 కిలోమీటర్లు ఆపకుండా డ్రిఫ్ట్ చేసి ఎలక్ట్రిక్ కార్లలో గిన్నిస్ రికార్డు కొట్టింది, 55 నిమిషాల్లో 210 రౌండ్లు, అదీ నీళ్లు చల్లిన నేల మీదే.

ఇంకోటి, డిఫరెన్షియల్, అంటే ఇంజిన్ పవర్‌ని రెండు చక్రాలకీ పంచే గేర్ల అమరిక. కారుకి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉందా అని అడిగితే, అవతల నిజంగా తెలిసినవాడైతే సంతోషపడతాడు. మామూలు కారులో వెనక రెండు చక్రాల్లో పట్టు లేనిది ఒట్టిగా గిర్రున తిరిగి పవరంతా మింగేస్తుంది, రెండోది చూస్తూ కూర్చుంటుంది, అప్పుడు కారు జారినట్టే జారి మధ్యలో నీరసపడిపోతుంది. రెండు చక్రాలూ కలిసి తిరిగితేనే ఆ జారుడు నిలబడుతుంది, లిమిటెడ్ స్లిప్ చేసేది ఆ పనే. కొందరు చవగ్గా డిఫరెన్షియల్‌ని వెల్డింగ్ చేసేస్తారు, నేర్చుకోవడానికి అదీ పనికొస్తుంది.

ఇక రెండోచోటు. ఇంటికి రెండు గంటల దూరం, బస్సు లేదు, రైలు లేదు, కారు లేనివాళ్లు మర్చిపోవచ్చు. తినడానికి ఏమీ దొరకదు, బాత్రూమ్ అంటే ఒక ప్లాస్టిక్ డబ్బా, గాలికి ఊగుతుంటుంది. మెయిల్‌కి జవాబు నాలుగు రోజులకి వచ్చింది, స్లాట్ రెండు నెలల తర్వాత దొరికింది. ఇవన్నీ మైనస్సులే. కానీ నలుగురికి రెండు కార్లు. నేనూ, కోవెంట్రీలో ఎమ్మెస్ చేస్తున్న మా బామ్మర్దీ ఒక కారుకి. వాడిది ఇండియా లైసెన్సు, వచ్చి ఏడు నెలలే అయింది, ముందే మెయిల్లో అడిగి పర్లేదనిపించుకున్నాం. ఇది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఇక్కడ మనవాళ్లలో చాలామంది ఆటోమేటిక్ టెస్టే పాసవుతున్నారు కదా, లెసన్ కార్లు చాలావరకు మాన్యువల్, క్లచ్ తొక్కడం రాకపోతే డ్రిఫ్టింగ్ దాకా వెళ్లే లోపు సగం టైము పోతుంది, అది కూడా ముందే తేల్చుకోండి.

వాడు ఆరడుగుల రెండంగుళాలు. ఎమ్‌ఎక్స్-5లో మడిచిపెట్టినట్టు కూర్చుని, హెల్మెట్ పైకప్పుకి తగులుతుంటే మెడ వంచి, "బావా, మోకాలు స్టీరింగ్‌కి కొట్టుకుంటోంది" అన్నాడు. ఇన్‌స్ట్రక్టర్ నవ్వి వాడిని పక్కనున్న పాత త్రీ సిరీస్‌లోకి మార్చాడు. పొడుగువాళ్లు ఈ సంగతి కూడా మెయిల్లోనే రాయండి.

మొదట ఒకే ఒక్క కోన్. దాని చుట్టూ సెకండ్ గేర్లో నెమ్మదిగా తిరగడం, తోక పట్టు వదిలేదాకా యాక్సిలరేటర్ కొంచెం తొక్కడం, వదలగానే స్టీరింగ్ అటువైపే వదిలేయడం. మొదటి పది నిమిషాలు నేను తిరిగిందంతా బొంగరం. కోన్ రెండుసార్లు కారు కిందికి పోయింది, ఆయన దిగి, వంగి, దాన్ని బయటికి లాగి, మళ్లీ పెట్టి, ఫ్లాస్కులోంచి టీ ఒక గుక్క తాగి "అగైన్" అన్నాడు. అన్నిసార్లూ అదే గొంతు, అదే మాట, విసుగు లేదు.

తప్పు ఎక్కడంటే, నేను స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకుంటున్నా. ఇక్కడ డ్రైవింగ్ నేర్పేవాళ్లు చేతుల మధ్య లాగి తోయడం అలవాటు చేస్తారు, చక్రాన్ని ఎప్పుడూ వదలొద్దంటారు. డ్రిఫ్టింగ్‌లో అది పూర్తిగా మర్చిపోవాలి. కారు జారగానే ముందు చక్రాలు వాటంతట అవే ఆ దిక్కుకి తిరుగుతాయి, మనం చేతులు వదులు చేసి స్టీరింగ్‌ని తిరగనివ్వాలి, సరైన చోట పట్టుకోవాలి. ఆయన ఇది చెప్తుంటే మా బాబాయి గుర్తొచ్చాడు. చిన్నప్పుడు పిడుగురాళ్ల దగ్గర మా ఊళ్లో వాన పడ్డాక నల్లరేగడి డొంకలో టీవీఎస్ మోపెడ్ వెనక చక్రం జారుతుంటే, వెనక కూర్చుని "ఎటు జారితే అటే తిప్పరా, బ్రేకు ముట్టుకోకు, ముట్టుకుంటే ఇద్దరం మట్టిలోనే" అని అరిచేవాడు. 165 పౌండ్లు కట్టి విన్నదీ ఇంచుమించు అదే.

ముప్పై నిమిషాలు దాటాక ఒకసారి కుదిరింది. స్టీరింగ్ అరచేతుల్లోంచి సర్రున జారి ఒకచోట ఆగింది, అద్దం మీది నీటిచుక్కలు పక్కకి పాకుతున్నాయి, నేను ముందు అద్దంలోంచి కాకుండా పక్క కిటికీలోంచి కోన్‌ని చూస్తూ దాని చుట్టూ తిరుగుతున్నా. ఒక రౌండు, రెండు, మూడో దాంట్లో సంతోషం పట్టలేక కాలు నొక్కేశా, మళ్లీ బొంగరం. ఆ మూడు రౌండ్లకే నా డబ్బులు వచ్చేశాయి. ఆఖర్లో రెండు కోన్ల మధ్య ఎనిమిది అంకె వేయించాడు, అది నాకు పూర్తిగా రాలేదు, ఒక సున్నా బాగానే వచ్చేది, రెండో సున్నాలోకి మారేచోట తోక ఇటునుంచి అటు కొట్టేటప్పుడు ప్రతిసారీ లేటయ్యేవాణ్ణి. బామ్మర్ది చేశాడు. కాలేజీ కుర్రాడు, భయం లేదు, పైగా పెద్ద కారు.

మా ఆవిడ డబ్బాలో పులిహోర కట్టిచ్చింది, బ్రేక్‌లో ఇద్దరం ఫుల్లుగా లాగించాం. ఆ పని చేయకండి. గుండ్రంగా తిరిగే ఆట మధ్యలో చింతపండు పులుసు ఎంత పొరపాటో పదో రౌండులో తెలిసింది, ఆపమని చెయ్యెత్తి దిగిపోయా, పది నిమిషాలు గడ్డిలో కూర్చున్నా. అరటిపండు, నీళ్లు చాలు. బూట్లు పల్చటి అడుగువి వేసుకోండి, ట్రెక్కింగ్ బూట్లలో పెడల్ ఎంత తొక్కుతున్నామో తెలీదు.

హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి చదివేవాళ్లకి ఒక్క మాట. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో ట్రాకులున్నాయి, అక్కడ రేసింగ్ నేర్పుతారు, అది వేరే విద్య. మీ స్విఫ్ట్, ఐ20 పవర్ ముందు చక్రాలకి వెళ్లే బళ్లు, ఓఆర్ఆర్ మీద అర్ధరాత్రి హ్యాండ్‌బ్రేక్ లాగితే దాన్ని డ్రిఫ్టింగ్ అనరు, ఎవరి ఇంటికో ఫోన్ వెళ్తుంది. ఇక్కడైనా అంతే, మామూలు ఇన్సూరెన్స్ ఇలాంటి వాటికి రాదు. రోడ్డు మీద జనాన్ని హడలగొడుతూ అజాగ్రత్తగా నడిపితే 2002 నాటి పోలీస్ రిఫార్మ్ యాక్ట్ సెక్షన్ 59 కింద బండి పట్టుకుపోయే అధికారం పోలీసులకుంది.

మిల్టన్ కీన్స్‌లో ఉండేవాళ్లకి తెలుసు, మా ఊళ్లో వందకి పైగా రౌండబౌట్లు. పోయిన శనివారం సన్నగా వాన, కాస్ట్‌కోకి బయల్దేరాం, రోడ్డు నల్లగా మెరుస్తోంది, మొదటి రౌండబౌట్ ఖాళీగా ఉంది. యారిస్‌ది ముందు చక్రాల డ్రైవ్ అని నాకు తెలుసు, అయినా నా ఎడమ చెయ్యి ఎందుకో హ్యాండ్‌బ్రేక్ మీదికి వెళ్లింది. మా ఆవిడ ఫోన్లోంచి తల ఎత్తకుండానే ఆ చెయ్యి తీసి గేర్ మీద పెట్టింది.