పాత సీజెడ్ 75 స్లయిడ్‌కి సెరాకోట్: ఏళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

ముందుగా తీర్పు చెప్పి తర్వాత వివరాల్లోకి వెళ్తాను. లైసెన్సుతో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఉక్కు పిస్టల్‌ని బీరువాలో దాచకుండా హోల్‌స్టర్‌లో (నడుముకి కట్టుకునే ఒరలో) పెట్టుకుని తిరిగేవాళ్లకి, రేంజ్‌లో తరచూ కాల్చేవాళ్లకి, ఓవెన్‌లో కాల్చి గట్టిపరిచే సెరాకోట్ అనే సెరామిక్ పూత మంచి ఎంపిక. చెమటని బాగా తట్టుకుంటుంది, క్లీనింగ్ ద్రావకాలకి చెక్కుచెదరదు. అరుగుదల మాత్రం ఉంటుంది. ఎక్కడ అరుగుతుందో, ఎంత తొందరగా అరుగుతుందో పెయింట్ డబ్బా కన్నా పూతకి ముందు చేసిన పనిని బట్టే ఎక్కువగా ఉంటుంది. ఇన్నేళ్లు వాడాక నాకు గట్టిగా కుదిరిన నమ్మకం అదే.

పిస్టల్ సీజెడ్ 75 బి. కౌట్స్కీ సోదరులు రూపొందించిన, 1975 నాటి చెక్ డిజైన్‌కి తర్వాత వచ్చిన రూపం. 'బి' అంటే ఫైరింగ్ పిన్ బ్లాక్ (ట్రిగ్గర్ నొక్కితే తప్ప ఫైరింగ్ పిన్‌ని ముందుకి పోనివ్వని భద్రతా ముక్క) ఉన్నదని అర్థం. ఫ్రేమ్ (పిడి ఉన్న కింది భాగం), స్లయిడ్ (కాల్చినప్పుడు వెనక్కి, ముందుకి జారే పై భాగం) రెండూ ఉక్కే. నా చేతికి వచ్చేటప్పటికి లోపలంతా బాగుంది. బారెల్‌లో గాడులు పదునుగా ఉన్నాయి, లాకింగ్ లగ్గులు (బారెల్‌ని స్లయిడ్‌తో కలిపి బిగించే గట్లు) దెబ్బతినలేదు. పైన మాత్రం పాత హోల్‌స్టర్ తన గుర్తులన్నీ వదిలింది. మూతి దగ్గర రెండు అంచులూ తెల్లగా తేలాయి. స్లయిడ్ కుడి పక్క పొడవునా గీతలు. వెనక పట్టుగాళ్లలో (స్లయిడ్‌ని లాగేటప్పుడు వేళ్లు జారకుండా కోసిన గాళ్లలో) ఎవరి చెమటో పట్టి గోధుమరంగు తుప్పు. దానికింద సన్నటి గుంటలు.

పూత గురించి చెప్పేముందు ఈ పిస్టల్ నిర్మాణం గురించి ఒక మాట చెప్పాలి. చాలా పిస్టళ్లలో స్లయిడ్ ఫ్రేమ్‌ని బయటినుంచి పట్టుకుని జారుతుంది. సీజెడ్ 75లో స్లయిడ్ ఫ్రేమ్ లోపల జారుతుంది. అంటే స్లయిడ్ కింది భాగంలో, బయటి పక్కనే, ఫ్రేమ్‌ని రాసుకునే పట్టాలు ఉంటాయి. మామూలు పిస్టల్‌లో బయటివైపు ఎక్కడ పూత పడినా పనికి అడ్డురాదు. ఇక్కడ వస్తుంది. ఒక్కో పక్క 25 మైక్రాన్ల పూత పడితే రెండు పక్కలా కలిపి 50 మైక్రాన్లు. బిగుతుగా కుదిరిన పట్టాల మధ్య అంత ఖాళీ దొరకదు. సీజెడ్‌కి పూత వేయించాలనుకునే వాళ్లు పని చేసే మనిషికి ఈ సంగతి తెలుసో లేదో ముందే అడగండి. తెలియదంటే వేరే చోట చూసుకోండి.

మొదట కోల్డ్ బ్లూ ప్రయత్నించాను. సీసాలో వచ్చే ఆ ద్రవంలో సెలీనియం, రాగి లవణాలు ఉంటాయి. దూదితో రాస్తే ఉక్కు నల్లబడుతుంది. ఓవెన్ అక్కర్లేదు, తుంపర గన్ అక్కర్లేదు. రాసిన రోజు చూస్తే భలే ఉంటుంది. కానీ ఆ నలుపు పైపై పొరే. హోల్‌స్టర్‌లో కొన్నిసార్లు పెట్టి తీస్తే అంచుల దగ్గర మళ్లీ తెలుపు తేలింది. ఎండాకాలం చెమటకి పట్టుగాళ్లలో గోధుమరంగు మళ్లీ మొదలైంది. చిన్న గీతని కప్పడానికి, స్క్రూ తలకి రంగు పట్టించడానికి ఇది చాలు. మొత్తం స్లయిడ్‌కి చాలదు. సెలీనియం విషపదార్థం కాబట్టి చేతికి తొడుగులు, గదిలో గాలి తప్పనిసరి. స్టెయిన్‌లెస్ స్టీల్ మీద ఇది పనిచేయదు.

వేడి బ్లూయింగ్ కూడా ఆలోచించాను. కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు కలిపి 135–150 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే తొట్టిలో ఉక్కుని ముంచితే పైన మాగ్నటైట్ (నల్లటి ఐరన్ ఆక్సైడ్) పొర ఏర్పడుతుంది. అందంలో దానికి సాటి లేదు. మెరుగుపెట్టిన ఉక్కు మీద ఆ నల్ల నీలం లోతుని ఏ పెయింటూ ఇవ్వలేదు. అయితే ఆ పొర తుప్పుని ఆపేది నూనె ఉన్నంతవరకే. నాకు కావాల్సింది రోజువారీ చెమటని ఓర్చుకునేది. ఫాస్ఫేట్ పూత నూనెని బాగా పీల్చి పట్టుకుంటుంది, పైగా సెరామిక్‌కి కింద పొరగా కూడా పనికొస్తుంది. నైట్రైడింగ్, అంటే ఉక్కు పైపొరలోకి నైట్రోజన్‌ని ఎక్కించి గట్టిపరచడం, అన్నిటికన్నా గట్టిది. గ్లాక్ స్లయిడ్‌లలో పైన నలుపు పోయినా ఉక్కు తుప్పు పట్టకపోవడానికి కారణం అదే. కానీ దానికి వందల డిగ్రీల వేడి కావాలి. అప్పటికే హీట్ ట్రీట్‌మెంట్ అయిపోయిన పాత స్లయిడ్‌ని ఆ వేడికి పంపడానికి నా మనసు ఒప్పుకోలేదు.

చివరికి సెరాకోట్ హెచ్ సిరీస్‌లో హెచ్-146, గ్రాఫైట్ బ్లాక్ తీసుకున్నాను. దీన్ని గట్టిపరచడానికి 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు గంటలు చాలు. ఆ వేడి ఉక్కు టెంపర్‌ని (హీట్ ట్రీట్‌మెంట్‌తో వచ్చిన గట్టిదనాన్ని) తాకదు. ఇదే కంపెనీకి గాలిలో ఆరే సి సిరీస్ కూడా ఉంది. ఓవెన్‌లో పట్టని వాటికి, వేడికి పాడయ్యే వాటికి అది సరే. స్లయిడ్ లాంటి చిన్న ఉక్కు ముక్కకి కాల్చే రకమే నా ఓటు.

ఇక అసలు పని. పిస్టల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, మేగజైన్ తీసి, స్లయిడ్‌ని పూర్తిగా విప్పాలి. ఫైరింగ్ పిన్, దాని స్ప్రింగ్, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ తూటా కేసుని బయటికి లాగే కొక్కెం), ఫైరింగ్ పిన్ బ్లాక్, గురి చూసే రెండు సైట్లు, అన్నీ బయటికి రావాలి. ముఖ్యంగా చీకట్లో వెలిగే ట్రిటియం సైట్లు. వాటిలో ఉండేది గాజు గొట్టం. ఇసుక దెబ్బకి, వేడికి వాటిని పెట్టకూడదు. (ట్రిటియం అర్ధాయువు 12 ఏళ్ల పైచిలుకు. సెకండ్ హ్యాండ్ పిస్టల్ మీద సైట్లు మసకబారి ఉంటే వాటిని మార్చుకోవడానికి ఇదే అదను.)

తుప్పు గుంటల దగ్గర ఓపిక పట్టాలి. పూత గుంటల్ని నింపదు. బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గరుకు పొడిని చిమ్మి ఉపరితలాన్ని గరుకు చేయడం) అయితే కనబడని గుంటల్ని కూడా బయటపెడుతుంది. చదును పక్కల మీద గట్టి బ్లాక్‌కి చుట్టిన 320, తర్వాత 400 ఎమెరీ కాగితంతో, పొడవు దిశలోనే రుద్దాను. బఫింగ్ చక్రం దగ్గరికి వెళ్లలేదు. ఆ చక్రం అంచుల్ని గుండ్రం చేస్తుంది, అక్షరాల్ని కరిగించేస్తుంది. ఒకసారి కరిగిన అంచు మళ్లీ రాదు. అక్షరాల పక్కన ఉన్న చిన్న గుంటల్ని అలాగే వదిలేశాను. సీరియల్ నంబరు జోలికి అసలు వెళ్లకూడదు. దాన్ని చెరపడం, చదవడానికి వీల్లేకుండా చేయడం చాలా దేశాల్లో నేరం. పూత పల్చగా వేస్తే నంబరు శుభ్రంగా చదవగలిగేలా ఉంటుంది.

తర్వాత అసిటోన్‌లో నానబెట్టి, 149 డిగ్రీల దగ్గర గంటసేపు ఓవెన్‌లో ఉంచాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు. పాత పిస్టల్ విషయంలో నా ప్రకారం మొత్తం పనిలో ఇదే కీలకం. ఏళ్ల తరబడి పట్టిన నూనె అక్షరాల గీతల్లో, సైట్లు కూర్చునే డవ్‌టెయిల్ గాడి మూలల్లో, పిన్ రంధ్రాల్లో దాక్కుంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఎంత తుడిచినా కనబడదు. వేడి తగలగానే మరకలా ఊరుతుంది. అలా ఊరితే మళ్లీ అసిటోన్, మళ్లీ ఓవెన్. ఊరడం పూర్తిగా ఆగేదాకా ఇదే చేయాలి. ఆ నూనె మీదే పూత వేస్తే సరిగ్గా అక్కడే పొర లేస్తుంది. అసిటోన్ ఆవిరి చటుక్కున అంటుకుంటుంది కాబట్టి ముక్క పూర్తిగా ఆరాకే ఓవెన్‌లోకి వెళ్లాలి. ఆ ఓవెన్‌ని మళ్లీ వంటకి వాడకూడదు.

బ్లాస్టింగ్‌కి 100 గ్రిట్ అల్యూమినియం ఆక్సైడ్ వాడాను. గాజు పూసలు వద్దు. అవి ఉపరితలాన్ని కొట్టి నున్నగా చేస్తాయి. పూత పట్టుకోవడానికి కావాల్సింది గరుకు. బ్లాస్టింగ్‌కి ముందే పట్టాలు, బ్రీచ్ ముఖం (తూటా వెనక భాగం ఆనే చోటు), ఫైరింగ్ పిన్ రంధ్రం, ఎక్స్‌ట్రాక్టర్ గాడి, బారెల్ లగ్గులు కూర్చునే లోపలి గాళ్లు, మూతి దగ్గర బారెల్‌ని పట్టి ఉంచే బుషింగ్ లోపలి వైపు, అన్నిటికీ టేపు, ప్లగ్గులు. ఫైరింగ్ పిన్ దారిలో ఇసుక గింజ మిగిలినా, పూత పడినా, పిన్ దెబ్బ బలహీనమై గుండు పేలకపోవచ్చు. ఆత్మరక్షణకి పెట్టుకునే ఆయుధంలో అలాంటి అనుమానం మిగలకూడదు. బ్లాస్ట్ అయిన ఉక్కుని ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. వేలిముద్రే తుప్పుకి విత్తనం.

పెయింట్‌ని బాగా కుదిపి, 18 పాళ్లకి 1 పాలు కెటలిస్ట్ (పూతని గట్టిపరిచే ద్రవం) కలిపి, వడకట్టి, చిన్న తుంపర గన్‌తో వేశాను. కెటలిస్ట్ పెరిగేకొద్దీ మెరుపు పెరుగుతుంది. 18:1కి వచ్చే మెరుపు తక్కువైన నలుపు నాకు నచ్చింది. ఊపిరికి రసాయన ఆవిర్లని ఆపే మాస్కు ఉండాలి, దుమ్ము మాస్కు చాలదు. తడిగా ఒకే పల్చటి పొర, అంతే. మందంగా వేస్తే గట్టిగా ఉంటుందనుకోవడం సహజం. నిజానికి మందమైన పొరే అంచుల్లో పెళుసుగా ఊడుతుంది. కాల్చడం అయ్యాక ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్) ద్రావకంలో ముంచిన దూదితో రుద్ది చూశాను. దూదికి రంగు అంటలేదంటే పూత పూర్తిగా గట్టిపడ్డట్టు.

ఇదంతా ఏళ్ల క్రితం. అప్పటినుంచి ఈ పిస్టల్ ఎక్కువ కాలం కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్‌లో, కొంతకాలం తోలు హోల్‌స్టర్‌లో, తరచుగా రేంజ్‌లో ఉంది. ఇప్పుడు దీని పరిస్థితి చెబుతాను.

మూతి అంచులు మొదట అరిగాయి. ఊహించిందే. పదునైన అంచు మీద ఏ పూతైనా పల్చగానే నిలుస్తుంది, రాపిడి అక్కడే ఎక్కువ. ఇప్పుడు రెండు అంచుల మీదా సన్నటి తెల్లటి గీత ఉంది. దాని పక్కన పూత ఊడలేదు, పొర లేవలేదు, గీత చివరలో తుప్పు పూత కిందికి పాకలేదు. నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఇదే. సరిగ్గా పట్టని పూత ఒక చోట తెరుచుకుంటే, చెమ్మ కిందినుంచి పాకి పెచ్చులుగా లేపేస్తుంది. ఇక్కడ అరుగుదల అరుగుదలగానే ఆగింది.

పక్కల మీద కైడెక్స్ రాసిన చోట మెరుపు వచ్చింది, రంగు పోలేదు. కైడెక్స్‌లో దుమ్ము పడితే అది ఎమెరీ కాగితంలా పనిచేస్తుందని బాగా తెలిసొచ్చింది. అప్పుడప్పుడూ హోల్‌స్టర్‌ని కడిగి ఆరబెట్టడం మొదలుపెట్టాక కొత్త గీతలు పడటం బాగా తగ్గింది. తోలులో గీతలు ఇంకా తక్కువ. కానీ తోలు చెమ్మని పట్టుకుని ఉంచుతుంది కాబట్టి పిస్టల్‌ని అందులోనే ఉంచి దాచకూడదు, ఏ పూత ఉన్నా సరే.

పట్టుగాళ్ల తుప్పు మళ్లీ రాలేదు. వేసవిలో రోజంతా నడుముకి ఆనుకుని, చొక్కా తడిసిపోయేంత చెమటలో ఉన్నా రాలేదు. కోల్డ్ బ్లూ ఒక్క కాలం కూడా ఓర్చుకోని చోట ఇది ఇన్నేళ్లు నిలిచింది. ఎజెక్షన్ పోర్ట్ (ఖాళీ కేసు బయటపడే కిటికీ) చుట్టూ, మూతి దగ్గర పొగ మసి పట్టినా మామూలు ద్రావకంతో పోతుంది. లేత రంగు వేసుకునే ఆలోచన ఉన్నవాళ్లు మాత్రం ఒకసారి ఆలోచించండి. నలుపు మీద కనబడని మసి మరక ఇసుక రంగు మీద కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

పూత ఉంది కదా అని పూత లేని పట్టాల సంగతి మర్చిపోకూడదు. వాటికి నూనె ఎప్పటిలాగే కావాలి. బయట తుప్పు పట్టడంలేదు కదా అని లోపల ఎండగట్టేవాళ్లని చూశాను. స్లయిడ్ ఎత్తు తక్కువైన ఈ పిస్టల్‌లో పట్టాలు ఎండితే వెనక్కి లాగడం మరీ కష్టం.

నచ్చనిది చెప్పకపోతే సమీక్ష పూర్తికాదు. ఇది ఎంత బాగా వేసినా పెయింటే. వెలుతురులో తిప్పి చూస్తే ఉక్కు కనబడదు, పూత కనబడుతుంది. అక్షరాల అంచులు కొద్దిగా మెత్తబడ్డాయి. చేత్తో మెరుగుపెట్టి బ్లూ చేసిన పాత పిస్టల్ మీద, అదీ అరుదైన మోడల్ అయితే, దీన్ని వేయడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. అలాంటివాటికి అసలు పూత ఎంత అరిగినా దాని విలువ దానిదే. బ్లాస్ట్ చేశాక అది తిరిగి రాదు. తుప్పుని ఆపి, నూనె రాసి, అలాగే ఉంచడమే వాటికి న్యాయం. అమ్మేటప్పుడు పూత మార్చిన సంగతి కొనేవాళ్లకి చెప్పి తీరాలి.

మరొకటి, దీనికి అతుకు వేయడం కుదరదు. అరిగిన అంచు మీద మాత్రమే మళ్లీ తుంపర వేస్తే కొత్త పొర హద్దు కనబడుతుంది, గట్టిగా పట్టదు కూడా. మళ్లీ వేయాలంటే మొత్తం బ్లాస్ట్ చేసి మొదటినుంచి రావాలి. నా స్లయిడ్‌కి ఇంకా ఆ అవసరం రాలేదు. ఆ రెండు తెల్లటి అంచుల మీద ప్రతి క్లీనింగ్ తర్వాత నూనె బట్టతో ఒకసారి తుడుస్తాను. చదును పక్కల మీద ఉక్కు కనబడడం మొదలయ్యాక మళ్లీ పూత వేయిస్తాను. అప్పుడు కూడా ఇదే హెచ్-146, ఇదే 18:1. ఈసారి ఫ్రేమ్‌కి కూడా కలిపి వేయించాలని ఉంది. అప్పుడు ఫ్రేమ్ లోపలి పట్టాలకి కూడా టేపు వేయాలి.