ఎర్రదారం పెన్‌డ్రైవ్: షాపులో ఇన్నేళ్ల క్లామ్‌ఏవీ

వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) అవుట్‌గేట్ దగ్గర మాది చిన్న జెరాక్స్, డీటీపీ షాపు. నాలుగు పాత డెస్క్‌టాప్‌లు, రెండు ప్రింటర్లు. ప్రాజెక్ట్ రిపోర్టుల సీజన్‌లో పెన్‌డ్రైవ్‌లకు లెక్కుండదు. పొద్దున ఎవరో తెచ్చిన వైరస్ సాయంత్రానికి పదిమంది ఇళ్లకు చేరిపోయేది. "మీ షాపులో పెట్టాకే నా ల్యాప్‌టాప్ పాడైంది" అని ఒకబ్బాయి నలుగురి ముందూ అనేశాక, 2019లో అన్నింట్లోనూ విండోస్ తీసేసి లైనక్స్ మింట్ ఎక్కించాను. వచ్చే పెన్‌డ్రైవ్‌లను చూడ్డానికి క్లామ్‌ఏవీ అనే యాంటీవైరస్ పెట్టాను.

లైనక్స్‌కి యాంటీవైరస్ ఎందుకని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నా మిషన్ల కోసం కాదు, వచ్చేవాళ్ల విండోస్ కోసం. ఇది పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. నెట్‌వర్క్ కంపెనీ సిస్కో వాళ్ల టాలోస్ అనే భద్రతా బృందం నడుపుతోంది. ఎక్కువగా మెయిల్ సర్వర్లలో వాడే సరుకు కాబట్టి రంగురంగుల కిటికీలు, గంటలు మోగడాలు ఆశించకండి. నల్ల తెర మీద అక్షరాలే.

షార్ట్‌కట్ వైరస్‌ని బాగానే పడుతుంది. మొన్న ఒకమ్మాయి ఏడుపు మొహంతో వచ్చింది. "అన్నా, నా పెన్‌డ్రైవ్‌లో ఏటీ లేదన్నా, అన్నీ షార్ట్‌కట్‌లే!" పెట్టి చూస్తే ఫోల్డర్లన్నీ భద్రంగా కనిపించాయి. వైరస్ వాటిని విండోస్‌లో మాత్రమే దాచింది, లైనక్స్ ఆ దాపరికాన్ని పట్టించుకోదు. క్లామ్‌ఏవీ ఒక స్క్రిప్ట్ ఫైల్‌ని ఎర్రగా చూపించింది. దాన్ని పక్కకు తీసేసి, థీసిస్ ప్రింట్ తీసి ఇచ్చాను. ఫైల్ దొరికిన ఆనందంలో బైండింగ్‌కి బేరం కూడా ఆడలేదు.

ఇక అసలు తలనొప్పి. నా మిషన్లలో ర్యామ్ 4 జీబీ. క్లామ్‌డీ అనే సర్వీసు వైరస్ గుర్తుల పట్టికనంతా ర్యామ్‌లో పెట్టుకుని కూర్చుంటుంది. దానికే ఒక జీబీ పైమాట. అప్‌డేట్ రాగానే పాతది దించకుండానే కొత్తది ఎక్కిస్తుంది. అంటే కాసేపు రెట్టింపు. అదే టైంలో బ్రౌజర్, పెద్ద పీడీఎఫ్ తెరిచి ఉంటే మిషన్ బిగుసుకుపోతుంది. లైనక్స్ గుండెకాయలాంటి కెర్నల్ చూసీ చూసీ ఎక్కువ తింటున్నవాణ్ణి చంపేస్తుంది. చచ్చేది క్లామ్‌డీనే.

అది చచ్చినట్టు నాకు వారం రోజులు తెలియలేదు. తప్పు నాదే. పెన్‌డ్రైవ్ పెట్టగానే స్కాన్ చేసి చెప్పే చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను. స్కాన్ ముగిశాక క్లామ్‌ఏవీ ఒక అంకె తిరిగి ఇస్తుంది: 0 అంటే ఏమీ లేదు, 1 అంటే వైరస్ ఉంది, 2 అంటే అసలు స్కానే సరిగ్గా జరగలేదు. నేను 1 వస్తేనే ఎర్ర గీత, మిగతా దేనికైనా పచ్చ గీత అని రాశాను. క్లామ్‌డీ లేకపోతే దానితో మాట్లాడే దారి (సాకెట్) దొరకలేదని 2 ఇస్తోంది, నా స్క్రిప్ట్ పచ్చ చూపిస్తోంది. వారం పాటు ఒక్క వైరసూ రాలేదని మా ఆవిడకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

క్లామ్‌డీ చావకుండా ఉండటానికి మందు ఒకే లైను. క్లామ్‌డీ కాన్ఫిగ్ ఫైల్‌లో 'కాంకరెంట్ డేటాబేస్ రీలోడ్' అన్న దాన్ని 'నో' చేస్తే పాతది దించాకే కొత్తది ఎక్కుతుంది. ఆ కాసేపు స్కాన్లు ఆగుతాయి, అంతే. డబ్బులుంటే ర్యామ్ వేయించడమే మేలు. రెండు మిషన్లకు వేయించాను.

అప్‌డేట్లు చేసేది ఫ్రెష్‌క్లామ్. కొత్తలో చేత్తో నడిపితే 'లాగ్ ఫైల్‌ని లాక్ చేయలేకపోయాం' అని ఎర్రర్ వచ్చేది. చాలామంది ఇక్కడే కంగారుపడి ఆ లాగ్ ఫైల్‌ని డిలీట్ చేస్తారు, పర్మిషన్లు మారుస్తారు. అక్కర్లేదు. వెనకాల ఫ్రెష్‌క్లామ్ సర్వీసు అప్పటికే నడుస్తోందని దానర్థం. సర్వీసు ఆపి, చేత్తో ఒకసారి నడిపి, మళ్లీ మొదలుపెడితే చాలు. అసలు చేత్తో నడపాల్సిన పనే లేదు, రోజూ అదే చూసుకుంటుంది.

నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని: ఏదో తేడాగా ఉందని వైరస్ గుర్తుల డేటాబేస్ ఫైళ్లన్నీ చెరిపేసి, నాలుగు మిషన్లలోనూ మళ్లీ మళ్లీ దించాను. ఒక్కోసారి 200 ఎంబీ పైనే. నాలుగూ ఒకే రౌటర్ వెనక, బయటికి ఒకటే ఐపీ. మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారనే 429 ఎర్రర్ వచ్చింది, రోజంతా దించుకోనివ్వలేదు. ఇప్పుడు ఒక్క మిషనే బయటి నుంచి తెస్తుంది, మిగతా మూడూ దాని దగ్గర తీసుకుంటాయి. 'ప్రైవేట్ మిర్రర్' అని సెట్టింగ్ ఉంది.

'అవుట్‌డేటెడ్, డోంట్ పానిక్' అని వచ్చే హెచ్చరిక మాత్రం రెండు రకాలు. కొత్త వెర్షన్ వచ్చి మీ డిస్ట్రోకి (మింట్ లాంటి లైనక్స్ రకానికి) ఇంకా చేరకపోతే నిజంగానే కంగారు అక్కర్లేదు. మద్దతు ముగిసిన వెర్షన్ అయితే ఊరుకోకూడదు. క్లామ్‌ఏవీ 0.103 వెర్షన్‌కి 2023 సెప్టెంబర్‌తో మద్దతు ముగిసింది. అలాంటివాటికి సర్వర్ అప్‌డేట్లు ఆపేయొచ్చు. మూలనున్న పాత మిషన్‌కి ఆ ఏడే మింట్ కొత్తది ఎక్కించాను.

పెన్‌డ్రైవ్ స్కాన్‌లో పర్మిషన్ డినైడ్ వస్తే, క్లామ్‌డీ వేరే యూజర్‌గా నడవడమే కారణం. 'ఎఫ్‌డీపాస్' ఆప్షన్ జోడించండి. 'రిమూవ్' ఆప్షన్ జోలికి మాత్రం పోకండి. ఇది ఫైల్‌ని శుభ్రం చేయదు, మొత్తంగా లేపేస్తుంది. మాక్రో వైరస్ పట్టిన వర్డ్ ఫైల్ ఒకటి అలా పోయింది. ఆ కుర్రాడి మెయిల్‌లో కాపీ ఉండబట్టి బతికిపోయాను. 'మూవ్' వాడి వేరే ఫోల్డర్‌లోకి తోయండి.

ఐదుకి మూడున్నర ఇస్తాను. పట్టుకోవడంలో లోపాలకి అర మార్కు పోయింది, ర్యామ్ ఆకలికి ఒకటి.

ఇప్పుడు షట్టర్ తీయగానే ఎర్రదారం కట్టిన పెన్‌డ్రైవ్ ఒకటి నాలుగు మిషన్లకూ పెడతాను. అందులో ఐకార్ టెస్ట్ ఫైల్ ఉంటుంది. 68 అక్షరాల ముక్క, ఎవరికీ హాని చేయదు, యాంటీవైరస్‌లన్నీ వైరస్‌గా పట్టుకోవాలని ఒప్పుకున్నది. నాలుగూ ఎర్ర గీత చూపిస్తేనే టీ చెబుతాను. పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌ల లోపలికి చూడటం మాత్రం క్లామ్‌ఏవీ వల్ల కాదు. అలాంటివి తెస్తే, మీ ఫోన్‌లోనే విప్పి పీడీఎఫ్ పంపండమ్మా అని కౌంటర్ మీద బోర్డు పెట్టాను.