ఆగస్టు 15కి బండి మాట్లాడుకుంటున్నారా? అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి

ఇంకా చేతులు వణుకుతూనే ఉన్నాయి, అయినా ఇవాళే రాసేయాలి. రేపటికి కోపం చల్లారిపోతే మళ్లీ ఇంకొకరు ఇతని చేతిలోనే పడతారు.

విజయవాడలో పెళ్లిళ్లకు, తిరుపతి ట్రిప్పులకు చాలామంది మాట్లాడుకునే ట్రావెల్స్ అతనే. పేరు రాయను. అతని బండి ఎక్కినవాళ్లకు ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. మా అపార్ట్‌మెంట్‌లో జెండా ఎగరేసి, అందరం కలిసి ఒక రోజు బయటికి వెళ్దామని నెల ముందే అనుకున్నాం. 24 సీట్ల ఏసీ మినీ బస్సు, కిరాయి 11,000. 5,000 అడ్వాన్స్ నేనే ఫోన్‌పే చేశాను. మనిషి మాట బాగుంది కదా అని ఒక్క కాగితం ముక్క అడగలేదు. బండి నంబరు కూడా రాసుకోలేదు.

వెళ్లాలనుకున్నది దూరం కూడా కాదు. ముందు మొవ్వ మండలంలోని భట్లపెనుమర్రు, పింగళి వెంకయ్య గారు పుట్టిన ఊరు. పక్కనే కూచిపూడి. అక్కడి నుంచి బందరు, మంగినపూడి బీచ్, బందరు లడ్డూలు కొనుక్కుని చీకటిపడే లోపు ఇల్లు. 1921లో వెంకయ్య గారు గాంధీగారికి జెండా చూపించింది మన బెజవాడలోనే అని చెబితే మా పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. ఆరో తరగతి చదివే మా పక్కింటి పాప ఒక చార్టు మీద రెండు జెండాలు గీసింది. ఒకటి రాట్నం ఉన్న పాతది, రెండోది 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన అశోక చక్రం జెండా. చక్రంలో 24 గీతలు స్కేలు పెట్టి లెక్కగా గీసింది. ఆ ఊళ్లో నిలబడి దాని గురించి చదువుతానని వారం నుంచి బట్టీ పడుతోంది.

ఏడింటికి జెండా ఎగరేశాం. ఎనిమిదింటికి 21 మందిమి గేటు దగ్గర ఉన్నాం. పులిహోర పొట్లాలు, నీళ్ల క్యాన్లు, పిల్లల చేతుల్లో కాగితం జెండాలు. రెండో అంతస్తు తాతగారు ఇస్త్రీ చేసిన ఖద్దరు లాల్చీ వేసుకుని అందరికంటే ముందే దిగారు. ఆయనకు 86 ఏళ్లు. ఎనిమిదీ ఇరవైకి ఫోన్ చేస్తే "బెంజ్ సర్కిల్ దాటాడు మేడమ్, పది నిమిషాలు" అన్నాడు. పావుగంట తర్వాత చేస్తే మళ్లీ పది నిమిషాలే. తొమ్మిది దాటాక నా ఫోన్ ఎత్తడం మానేశాడు. ఎండ ముదిరింది. చిన్నపిల్లల చొక్కాలకు గుచ్చిన జెండా బ్యాడ్జీలు చెమటకు రంగు దిగి, తెల్ల చొక్కాల మీద కాషాయం మరకలు పడ్డాయి.

చివరికి తాతగారి ఫోన్ నుంచి చేశాను. కొత్త నంబరు కాబట్టి వెంటనే ఎత్తాడు. నా గొంతు విని ఒక్క క్షణం ఆగి, ఏమాత్రం తడుముకోకుండా చెప్పాడు. "పెళ్లి పార్టీ తగిలింది మేడమ్, డబుల్ ఇస్తామన్నారు. పొద్దున్నే పంపించేశాను. మీదేముంది, జెండా పండగే కదా, రేపు వెళ్లండి."

జెండా పండగ రేపు వస్తుందా అండీ? ఆ మాటే అడిగాను. నవ్వాడు. స్పీకర్‌లో ఉంది, పిల్లలంతా విన్నారు. మరి బెంజ్ సర్కిల్ దాటాడని ఎందుకు చెప్పారంటే జవాబు లేదు. అడ్వాన్స్ సంగతేమిటంటే "నేనేమన్నా రాసిచ్చానా? చూద్దాం లెండి" అని పెట్టేశాడు.

బండి చెడిపోయిందన్నా, డ్రైవరుకు ఒంట్లో బాగాలేదన్నా నేను ఇంత బాధపడేదాన్ని కాదు. పొద్దున్న ఆరింటికే నిజం చెప్పి ఉంటే బస్టాండుకు పోయి బందరు బస్సు ఎక్కేవాళ్లం. బండి వేరేచోటికి పంపేసి, గంటన్నరకు పైగా పసిపిల్లల్ని, పెద్దాయన్ని ఎండలో నిలబెట్టాడు. నేను మరిచిపోలేనిది ఆ గంటన్నరే.

సెల్లార్‌లో చాపలు పరిచి పులిహోర అక్కడే తిన్నాం. పాప చార్టు గోడకు ఆనించి, చదవాల్సింది అక్కడే చదివింది. మధ్యలో గొంతు పూడుకుపోయింది, అయినా ఆపలేదు. అందరి వాటాలూ వెనక్కి ఇస్తుంటే తాతగారు తన 500 తీసుకోలేదు. "పిల్లలకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టమ్మా" అని లిఫ్ట్ ఎక్కేశారు. ఆయన ముందే చెప్పారు, ఆర్టీసీ వాళ్లు బస్సు మొత్తం అద్దెకిస్తారు, రసీదు కూడా ఉంటుందని. ఏసీ కావాలని పట్టుబట్టింది నేనే. ఆయన మాట వినుంటే ఇవాళ వెంకయ్య గారి ఊళ్లో ఉండేవాళ్లం.

మీరైనా జాగ్రత్తపడండి. పెళ్లిళ్ల సీజన్‌లో, వరుస సెలవుల్లో నోటిమాట నమ్మొద్దు. బండి నంబరు, డ్రైవరు ఫోన్ నంబరు, ఎన్నింటికి రావాలి, రాకపోతే డబ్బు ఎప్పటిలోగా తిరిగిస్తారు, ఇవన్నీ కనీసం వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. అడ్వాన్స్ వెయ్యికి మించి కట్టకండి. ముందు రోజు రాత్రి డ్రైవరుతోనే నేరుగా మాట్లాడండి, ఓనరుతో కాదు.

నా దగ్గర ఫోన్‌పే రసీదు, కాల్ లిస్టు ఉన్నాయి. రేపు పొద్దున్నే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను. ఇతనితో ఇలాంటిదే ఎవరికైనా జరిగి ఉంటే చెప్పండి, కలిసి ఫిర్యాదు పెడదాం. జనవరి 26కి నాకు పంపిన పుష్‌బ్యాక్ సీట్ల ఫొటోలే ఇంకొకరికి మళ్లీ పంపిస్తాడు.